వార్తల్లో పదం: పోలరైజర్ ఫిల్మ్

ఎల్‌సీడీ తెరల పరిశ్రమ ప్రస్తావన వస్తే ఈ పేరు తప్పదు. కాంతి తరంగాలు పలు దిశల్లో కంపిస్తుంటాయి. ఒక దిశవాటిని పోనిచ్చి, మిగతావాటిని పీల్చుకునే పలుచని ప్లాస్టిక్ పొరే పోలరైజర్. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు తల పక్కకు వాల్చి చూడండి, ఒక కోణంలో తెర నల్లబడుతుంది.

తయారీలో కీలకమంతా సాగదీయడమే. పాలీవినైల్ ఆల్కహాల్ పొరను నీటిలో ఉబ్బించి, అయోడిన్ పట్టించి, బోరిక్ ఆమ్లం తొట్టిలో రోలర్ల మధ్య అయిదారు రెట్లు సాగదీస్తారు. పాలిమర్ గొలుసులు, వాటిని అంటుకున్న అయోడిన్ ఒకే వరుసలోకి వస్తాయి. ఆ వరుసకు సమాంతరంగా కంపించే కాంతి అక్కడే ఆగిపోతుంది. తేమకు ఓర్వని ఈ పొరకు రెండు వైపులా రక్షణ ఫిల్ములు అతికిస్తారు. సాగుడులో తేడా వచ్చినా, ధూళి కణం ఇరుక్కున్నా తెరపై మచ్చ తేలుతుంది.

1938లో అమెరికాకు చెందిన ఎడ్విన్ లాండ్ కనిపెట్టిన పద్ధతే నేటికీ దీనికి మూలం. జపాన్‌లో నిట్టో డెంకో, సుమిటోమో కెమికల్ పేరున్న తయారీదారులు. కొరియా సంస్థ ఎల్‌జీ కెమ్ తన ఎల్‌సీడీ పోలరైజర్ వ్యాపారాన్ని 2021లో చైనా సంస్థ షాన్‌షాన్‌కు అప్పగించింది. మన దేశంలో తెరల తయారీని కోరేవారు ఈ ఫిల్మ్‌నూ లెక్కలోకి తీసుకోవాలి.