గడువు దాటితే గెలుపేనా?

ఎదుటివారి రాజుకు ఆటకట్టు చెబితే చదరంగంలో గెలుపు. ఎదుటివారు ఎత్తు వేయడం మరిచిపోయినా గెలుపే! రోజుల తరబడి సాగే కరస్పాండెన్స్ చదరంగంలో ఈ రెండో రకం గెలుపు చాలామందిని మొహమాటంలో పడేస్తుంది. తీసుకోవాలా, వదిలేయాలా?

ఈ ఆటకు ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. ఒకరు ఎత్తు రాసి పంపితే రెండోవారు తీరిగ్గా ఆలోచించి బదులిస్తారు. 1824లో లండన్, ఎడిన్‌బరో క్లబ్బులు ఇలాగే ఉత్తరాల మీద తలపడితే పోటీ ముగిసేసరికి 1828 వచ్చింది. పైచేయి ఎడిన్‌బరోదే. 1951లో అంతర్జాతీయ కరస్పాండెన్స్ చెస్ సమాఖ్య (ఐసీసీఎఫ్) ఏర్పడింది. తర్వాత పోస్టుకార్డుల స్థానంలోకి ఈ-మెయిల్ వచ్చింది. 2004లో సమాఖ్య సొంత వెబ్ సర్వరే పెట్టుకుంది.

ఆట ఎంత నింపాదిగా సాగినా గడియారం మాత్రం ఉంటుంది. పది ఎత్తులకు 50 రోజులు... ఐసీసీఎఫ్ పోటీల్లో బాగా వాడుకలో ఉన్న లెక్క ఇది. చెస్.కామ్, లీచెస్ లాంటి సైట్లలో ఒక్కో ఎత్తుకు ఒక రోజు నుంచి 14 రోజుల దాకా గడువు పెట్టుకోవచ్చు.

అడగాలా... వద్దా?

గడువు దాటగానే సర్వరే ఫలితం తేల్చేస్తే ఏ పేచీ లేదు. గెలుపును ఆటగాడే అడిగి తీసుకోవాల్సి వస్తేనే చిక్కు. పోస్టుకార్డుల రోజుల్లో అయితే టోర్నమెంటు డైరెక్టరుకు ఉత్తరం రాసి మరీ అడగాలి. ‘బోర్డు మీద గెలవనిది గెలుపేమిటి? పాపం, వాళ్లింట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదేమో’ అనుకుంటారు కొందరు. ‘నేను నిద్ర మానుకుని గడువులోగా ఎత్తు వేశాను. ఆ నియమం వాళ్లకు లేదా?’ అంటారు ఇంకొందరు.

ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. స్నేహంగా ఆడుకునే ఆటలో నాలుగు రోజులు ఆగితే పోయేదేమీ లేదు. టోర్నమెంటులో అలా కాదు. ఒకరి మీద జాలిపడి పాయింటు వదులుకుంటే ఆ లెక్క మిగతావారి స్థానాలనూ తారుమారు చేస్తుంది. దయ చూపింది ఒకరు, నష్టపోయింది మరొకరు! అందుకే టోర్నమెంటులో గెలుపు అడగడం అత్యాశ కాదు. అలా అడిగినవారిని నిందించడమే తప్పు.

మాయమైతే మర్యాదా?

అసలు మర్యాద తప్పేవారు వేరే ఉన్నారు. ఓటమి ఖాయమని తెలిశాక ఒప్పుకోకుండా, ఎత్తూ వేయకుండా గడువు మొత్తం కరిగించేవారు! ఒక్క ఎత్తులో ముగిసే ఆట వారాల తరబడి వేలాడుతుంది. అవతలివారు రోజూ కంప్యూటర్ తెరిచి చూసుకుంటూనే ఉండాలి. ఓడిపోయామని ఒక్క మాట చెబితే ఇద్దరికీ హాయి.

ఊరెళ్లాల్సి వచ్చినా, పరీక్షలున్నా ముందే సెలవు పెట్టుకునే వీలు చాలాచోట్ల ఉంది. మోయగలిగినన్ని ఆటలే ఒప్పుకోవడం ఇంకా మంచిది. ఉత్సాహంగా ఒకేసారి ముప్ఫై ఆటలు మొదలుపెట్టి చేతులెత్తేస్తే ముప్ఫై మందిని ఎదురుచూపుల్లో పెట్టినట్లే కదా! ఇటువైపు వారు కూడా గడువు దాటిన క్షణంలోనే బటన్ నొక్కకుండా, వీలుంటే ముందు ఓ చిన్న సందేశం పంపితే బాగుంటుంది.

ఐసీసీఎఫ్ నినాదం లాటిన్‌లో ‘అమీకి సుముస్’. అంటే ‘మనం మిత్రులం’ అని. ఈ ఆటలో ప్రత్యర్థి ముఖం కనిపించదు, గొంతు వినిపించదు. క్రమం తప్పకుండా ఎత్తులు వేసే మనిషి ఉన్నట్టుండి మౌనం వహిస్తే కారణం మరుపు కావచ్చు, ఆసుపత్రి మంచమూ కావచ్చు. నిబంధన ప్రకారం పాయింటు తీసుకోవడంలో తప్పులేదు. ఆ తర్వాతైనా ‘అంతా కులాసాయేనా?’ అని ఓ ముక్క రాయడానికి ఏ గడువూ అడ్డురాదు.