ఇషాపూర్ 2ఎ1 రైఫిలు

ఇషాపూర్ 2ఎ1 భారతదేశంలో తయారైన సైనిక రైఫిలు. ఇది 7.62 మి.మీ. నాటో తూటాను పేల్చుతుంది. పేల్చిన ప్రతిసారీ బోల్టును చేతితో వెనుకకు లాగి, తిరిగి ముందుకు తోసి తరువాతి తూటాను ఎక్కించవలసి ఉంటుంది. పశ్చిమ బెంగాల్‌లో హుగ్లీ నది ఒడ్డున ఉన్న ఇషాపూర్ రైఫిలు కర్మాగారంలో దీనిని రూపొందించి తయారు చేశారు. స్నైపర్ల కోసం కాక సాధారణ సైనికుల కోసం రూపొందించిన బోల్టు రైఫిళ్ళలో ప్రపంచంలోకెల్లా చివరి వాటిలో ఇది ఒకటి. భారతదేశంలో సామాన్య పౌరులకు దీనిని ఉంచుకొనే వీలు లేదు. అమెరికా, కెనడా వంటి దేశాలలో మాత్రం పాత తుపాకులు సేకరించేవారు దీనిని కొని దాచుకుంటారు. దీని నాణ్యతను గురించి అక్కడ చాలాకాలంగా వాదోపవాదాలు జరుగుతున్నాయి. ఆ వాదాలలో చాలావరకు మూడు వేర్వేరు రైఫిళ్ళను ఒకటిగా భావించడం వలన పుట్టినవే.

పూర్వ చరిత్ర

2ఎ1కు మూలం బ్రిటిషు సైన్యం వాడిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు. స్కాట్లండులో పుట్టి ఉత్తర అమెరికాలో స్థిరపడిన జేమ్స్ పారిస్ లీ (1831-1904) దీని బోల్టును, విడదీయగల మ్యాగజీనును రూపొందించాడు. అతని బోల్టుకు మొదట విలియం మెట్‌ఫోర్డ్ రూపొందించిన గొట్టాన్ని జతచేసి 1888లో లీ-మెట్‌ఫోర్డ్ రైఫిలును ప్రవేశపెట్టారు. పొగరాని కార్డైట్ మందు వేడికి ఆ గొట్టంలోని లోతులేని గాళ్ళు త్వరగా అరిగిపోయాయి. అందువలన ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో లోతైన గాళ్ళతో కొత్త గొట్టం తయారు చేశారు. 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ అనే పేరు ఆ విధంగా వచ్చింది. 1907లో వచ్చిన పొట్టి గొట్టం నమూనా, మార్కు-3, మొదటి ప్రపంచ యుద్ధమంతటా బ్రిటిషు సైన్యానికి, భారత సైన్యానికి ప్రధాన ఆయుధమైంది. 1916లో తయారీని వేగవంతం చేయడానికి కొన్ని భాగాలను తొలగించి మార్కు-3 నక్షత్రం అనే సరళమైన రూపాన్ని ఆమోదించారు.

ఈ రైఫిలు గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యింట 303 వంతులు. తెలుగునాట పోలీసు స్టేషన్లలోను, ఎన్.సి.సి. కవాతు మైదానాలలోను 'త్రీ నాట్ త్రీ'గా తరతరాల వారికి పరిచయమైనది ఈ తుపాకీయే.

ఇషాపూర్‌లో 18వ శతాబ్దం చివరలో ఈస్టిండియా కంపెనీ తుపాకీ మందు కర్మాగారం నెలకొల్పింది. అదే చోట 1904లో రైఫిలు కర్మాగారం ఏర్పడింది. బ్రిటను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నంబరు-4 అనే కొత్త నమూనాకు మారింది. ఇషాపూర్ మాత్రం పాత మార్కు-3 నమూనానే కొనసాగించింది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా అవే యంత్రాలు, అవే కొలతలు, అదే నమూనా. 2ఎ1 బాహ్యరూపం మొదటి ప్రపంచ యుద్ధపు రైఫిలును పోలి ఉండడానికి కారణం ఇదే.

రూపకల్పన

1962లో చైనాతో జరిగిన యుద్ధంలో భారత సైనికులలో ఎక్కువమంది .303 రైఫిళ్ళతోనే పోరాడారు. యుద్ధం ముగిసిన తరువాత సైన్యం 7.62 మి.మీ. నాటో తూటాకు మారడం వేగవంతమైంది. దానితో పేలే సెల్ఫ్ లోడింగ్ రైఫిలు (ఎస్.ఎల్.ఆర్.) ఇషాపూర్‌లోనే తయారీలోకి వచ్చింది. అయితే లక్షల సంఖ్యలో సైనికులకు అది ఒక్కసారిగా అందదు. ఈ లోపు వెనుక శ్రేణి దళాలకు, రిజర్వులకు అదే తూటాను పేల్చే చౌకైన రైఫిలు కావలసి వచ్చింది. ఒకే సైన్యానికి రెండు రకాల తూటాలు సరఫరా చేయడం ఎంత కష్టమో యుద్ధరంగం ఎరిగిన ఏ దళానికైనా తెలుసు. చేతిలో ఉన్న యంత్రాలతో త్వరగా చేయదగినది మార్కు-3 నమూనాను కొత్త తూటాకు అనుగుణంగా మళ్ళీ రూపొందించడమే.

ఈ విధంగా వచ్చిన తొలి రూపం 2ఎ. దీని వెనుక గురిపట్టీపై 2,000 మీటర్ల వరకు గుర్తులు ఉండేవి. ఒక సైనికుడు 2,000 మీటర్ల దూరాన ఉన్న మనిషిని ఇనుప గురితో కొట్టగలడని ఎవరూ అనుకోరు. అది బారులుగా నిలిచి సామూహికంగా కాల్చే పాత యుద్ధపద్ధతి నుండి మిగిలిపోయిన అలవాటు. తరువాత ఈ హద్దును 800 మీటర్లకు తగ్గించారు. ఈ మార్పుతో వచ్చినదే 2ఎ1. తయారీ 1970 దశకం మధ్య వరకు కొనసాగింది.

నిర్మాణం

రైఫిలు పొడవు సుమారు 1,130 మి.మీ., బరువు సుమారు 4.7 కిలోలు. పైకి పాత రైఫిలులాగే కనిపించినా లోపల మూడు ముఖ్యమైన తేడాలు ఉన్నాయి.

మొదటిది ఉక్కు. 7.62 మి.మీ. తూటా పేలినపుడు గొట్టంలో పుట్టే ఒత్తిడి .303 కంటె ఎక్కువ. ఐరోపా ప్రమాణాల ప్రకారం .303 తూటా గరిష్ఠ ఒత్తిడి 365 మెగాపాస్కల్‌లు, 7.62కు సమానమైన .308 వించెస్టర్ తూటాకు 415. అందువలన బోల్టును, దానిని పట్టి ఉంచే రిసీవరును మెరుగైన ఉక్కుతో కొత్తగా చేశారు.

రెండవది మ్యాగజీను. .303 తూటా అడుగున వెడల్పైన అంచు ఉంటుంది. 7.62 తూటాకు ఆ అంచు బయటకు పొడుచుకొని రాదు. అందువలన తూటాను లాగే కొక్కెమును, మ్యాగజీనును మార్చవలసి వచ్చింది. పాత మ్యాగజీను ముందుభాగం వాలుగా ఉంటే, 2ఎ1 మ్యాగజీను నలుచదరపు పెట్టెలా ఉండి, 12 తూటాలు పట్టుతుంది. దూరం నుండి చూచి ఈ రైఫిలును గుర్తుపట్టడానికి ఇదే సులభమైన ఆనవాలు.

మూడవది తూటా కూర్చొనే విధానం. .303 తూటా తన అంచుపై ఆనుకొని నిలుస్తుంది. 7.62 తూటా డొప్ప భుజంపై ఆనుకుంటుంది. మూసిన బోల్టు ముఖానికి, తూటా ఆనుకొనే చోటుకు మధ్య దూరాన్ని హెడ్‌స్పేస్ అంటారు. ఇది తక్కువైతే బోల్టు మూసుకోదు. ఎక్కువైతే పేలినపుడు డొప్ప సాగి అడుగుభాగాన తెగవచ్చు. అప్పుడు వేడివాయువు కాల్చేవాని ముఖం వైపు వెలువడుతుంది. లీ బోల్టుకు తలభాగాన్ని విడిగా మరతో బిగిస్తారు. కనుక కర్మాగారంలో పనివారు ఒక్కొక్క రైఫిలుకు తగిన తలను ఎంచి ఈ దూరాన్ని సరిచేసేవారు. ఒక రైఫిలు బోల్టును మరొక రైఫిలులో దూర్చడం ప్రమాదకరమనడానికి కారణం ఇది.

లీ బోల్టును పట్టి ఉంచే చెవులు ముందువైపున కాక వెనుకవైపున ఉంటాయి. దీనివలన బోల్టు కదలిక పొట్టిగా, చాలా వేగంగా ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే బ్రిటిషు సైనికులు నిమిషానికి 15 గురిచూసిన తూటాలు కాల్చడం సాధన చేసేవారు. అయితే పేలిన క్షణాన బోల్టు మొత్తం పొడవునా కొద్దిగా నొక్కుకుంటుంది. కాల్చిన డొప్పలను మళ్ళీ నింపి వాడేవారికి అవి త్వరగా పాడవుతాయి. ఇది లీ-ఎన్‌ఫీల్డ్ వంశమంతటికీ ఉన్న లక్షణమే గాని ఇషాపూర్ చేసిన తప్పు కాదు.

కొయ్యభాగంలో, మ్యాగజీనుకు ముందు, అడ్డంగా ఒక మర కనిపిస్తుంది. సేకరణదారులు దీనిని 'ఇషాపూర్ మర' అంటారు. పేల్చినపుడు వెనుదన్ను కొయ్యలోని రెండు చిన్న ఆనుకొనే భాగాలపై పడుతుంది. ఎండకూ వానకూ ఆ కొయ్య కుంచించుకొని పగిలేది. దానిని రెండువైపుల నుండి బిగించి ఉంచడానికే ఈ మర. స్వాతంత్ర్యానంతరం ఇషాపూర్‌లో చేసిన, మరమ్మతు చేసిన .303 రైఫిళ్ళలో కూడా ఇది ఉంటుంది. కనుక మర కనిపించినంత మాత్రాన రైఫిలు 2ఎ1 అనుకోరాదు.

బలం గురించిన వివాదం

'ఇది పాత .303 రైఫిలుకు కొత్త గొట్టం తగిలించినది, కాల్చితే పేలిపోతుంది' అన్నది ఈ రైఫిలు మీద తరచుగా వినవచ్చే ఆరోపణ. 2ఎ, 2ఎ1ల విషయంలో ఇది సరికాదు. ఇవి మార్చినవి కావు, కొత్త తూటా కోసం కొత్త ఉక్కుతో చేసినవి. కాని ఇతరత్రా ప్రైవేటు వ్యక్తులు పాత మార్కు-3 రైఫిళ్ళకు వేరే గొట్టాలు బిగించిన సందర్భాలు ఉన్నాయి. వాటి విషయంలో భయం సమంజసమే. మొదటిది .303 మార్కు-3, రెండవది కర్మాగారం చేసిన 2ఎ1, మూడవది ఎవరో మార్చిన రైఫిలు. వీటి మధ్య తేడా తెలియక వాదించడం వలన చర్చ తేలదు.

రెండవ వివాదం సైనిక 7.62 తూటాకూ, దుకాణంలో దొరికే .308 వేట తూటాకూ మధ్య ఉన్నది. ఒకదానికి 50,000 అనీ, మరొకదానికి 62,000 అనీ చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి అంకెలు చెప్పి, రెండవది చాలా బలమైనదని వాదిస్తారు. ఈ రెండు అంకెలు వేర్వేరు పద్ధతులలో కొలిచినవి. మొదటిది రాగి ముక్క నలిగిన తీరును బట్టి, రెండవది విద్యుత్ పరికరంతో. కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం తగదు. నిజమైన తేడా మరొకచోట ఉంది. సైనిక రైఫిళ్ళలో హెడ్‌స్పేస్‌కు ఎక్కువ వెసులుబాటు ఇస్తారు, సైనిక డొప్పలు దళసరిగా ఉంటాయి. పలుచని వేట డొప్పను వెసులుబాటు ఎక్కువైన గదిలో కాల్చినపుడే చిక్కు వస్తుంది. ఏ పాత రైఫిలునైనా కాల్చే ముందు తుపాకీ పనివానిచేత కొలిపించాలన్న సలహాకు ఆధారం ఇదే.

పనితనం విషయంలో విమర్శకు కొంత తావున్నది. 1930 దశకానికి ముందు బ్రిటనులో చేసిన రైఫిళ్ళ నునుపు 2ఎ1లో కనిపించదు. లోహంపై యంత్రపు గీతలు మిగిలి ఉంటాయి. చాలావాటిపై నల్లని రంగు పూత పూసి ఉంటుంది. అయితే ఆ పూత తేమలో తుప్పు పట్టకుండా పూసినది. బోల్టు చెవులు రెండూ సమంగా ఆనుతున్నాయా, కొయ్య గట్టిగా కూర్చున్నదా, గొట్టం లోపల గుంటలు ఉన్నాయా అన్నవే నాణ్యతను నిర్ణయిస్తాయి. మెరుపు వాటి తరువాతిది.

సేకరణదారులు చూసే గుర్తులు

బట్టు కొయ్య బిగించే లోహపు పట్టీ కుడివైపున అశోక స్తంభ సింహాలు, కర్మాగారం పేరులోని తొలి అక్షరాలు, నమూనా పేరు, తయారైన సంవత్సరం ముద్రించి ఉంటాయి. స్వాతంత్ర్యానికి ముందు వాటిపై బ్రిటిషు కిరీటం ఉండేది. రిసీవరు, బోల్టు, ఇతర భాగాలపై ఒకే వరుస సంఖ్య ఉన్న రైఫిలుకు విలువ ఎక్కువ. అది కర్మాగారం నుండి వచ్చిన రూపంలోనే ఉన్నదనడానికి, హెడ్‌స్పేస్ చెదరలేదనడానికి కూడా ఆ సంఖ్యలే సాక్ష్యం.

ఇషాపూర్ రైఫిళ్ళలో మరికొన్ని విశేష రూపాలు ఉన్నాయి. గ్రెనేడులు విసరడానికి వాడిన .303 రైఫిళ్ళ ముందుకొయ్యకు పగలకుండా తీగ చుట్టి ఉంటుంది. కాపలాదారులకు, జైలు సిబ్బందికి ఇవ్వడానికి కొన్నిటిని .410 వ్యాసం గల ఒంటి తూటా మస్కెట్లుగా మార్చి, మ్యాగజీను చోట కొయ్య దిమ్మ బిగించారు. అవి చేజారినా సైనిక తూటా పేల్చడానికి పనికిరాకూడదన్నది ఉద్దేశం. కవాతుకు మాత్రమే పనికివచ్చే రైఫిళ్ళపై 'డి.పి.' అని ముద్ర ఉంటుంది. ఈ ముద్ర ఉన్నవాటిని ఎన్నడూ కాల్చరాదు.

పాకిస్తాన్‌లోని దర్రా ఆదంఖేల్ ప్రాంతంలో చేతిపనితో చేసిన లీ-ఎన్‌ఫీల్డ్ నకళ్ళు కూడా మార్కెట్టులోకి వస్తాయి. వాటిపై ముద్రలలో తలకిందులైన అక్షరాలు, తప్పు స్పెల్లింగులు కనిపిస్తాయి. వింత వస్తువులుగా వీటిని కొందరు ఇష్టంగా కొంటారు, కాని వాటి ఉక్కును ఎవరూ నమ్మరు.

సైన్యం వదిలించుకున్న 2ఎ1లు 1990 దశకంలో అమెరికా మార్కెట్టులో చౌకగా దొరికేవి. చౌక కావడం వల్లనే చాలావాటికి నష్టం జరిగింది. కొందరు వ్యాపారులు గొట్టం కోసి, కొయ్య తగ్గించి, బ్రిటిషు 'జంగిల్ కార్బైన్' పోలికతో వాటిని అమ్మారు. నిజమైన జంగిల్ కార్బైన్ 1944లో వచ్చిన నంబరు-5 రైఫిలు, దాని తూటా .303. 7.62 మి.మీ. జంగిల్ కార్బైన్ ఏ సైన్యమూ వాడలేదు. అమెరికా చట్టం 50 ఏళ్ళు నిండి మూల రూపంలో ఉన్న తుపాకులను చారిత్రక వస్తువులుగా పరిగణిస్తుంది. 2ఎ1లలో చివరివి కూడా ఇప్పుడు ఆ వయసుకు చేరుకున్నాయి. కోసినవాటికి మాత్రం ఆ హోదా దక్కదు.

భారతదేశంలో స్థితి

1959 ఆయుధాల చట్టం కింద ఏర్పడిన నియమాల ప్రకారం .303, 7.62 మి.మీ. సైనిక తూటాలు పేల్చగల రైఫిళ్ళు, .410 మస్కెట్లు, సైనిక 9 మి.మీ. తూటా పేల్చగల పిస్తోళ్ళు నిషిద్ధ వర్గంలో ఉన్నాయి. మామూలు లైసెన్సుపై వీటిని పొందలేరు. అందువలన ఇషాపూర్ కర్మాగారం పౌరుల కోసం అదే లీ-ఎన్‌ఫీల్డ్ బోల్టుతో .315 వేట రైఫిలును తయారు చేసింది. ఇదే కారణంగా కాన్పూరు కర్మాగారం వెబ్లీ నమూనాను అనుసరించి .32 రివాల్వరును చేసింది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గింది. తాతల నాటి తుపాకులు పలు ఉన్న కుటుంబాలు మిగిలినవాటిని అప్పగించవలసి వచ్చింది.

.303 రైఫిలు పోలీసుల చేతుల్లో మరింత కాలం నిలిచింది. 2008 నవంబరులో ముంబై రైల్వే స్టేషనులో ఉగ్రవాదులను ఎదుర్కొన్న పోలీసుల వద్ద ఉన్నవి ఇవే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతులో దీనికి అధికారికంగా వీడ్కోలు పలికారు. 2021 అక్టోబరులో ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విభజించినపుడు, ఇషాపూర్ రైఫిలు కర్మాగారం కాన్పూరు కేంద్రంగా ఉన్న అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్‌లో భాగమైంది.