బడి డబ్బు ఎక్కడ ఆగింది?

ఉగాండా అనే దేశం పేరు విన్నారా? ఆఫ్రికాలో ఉంది. అక్కడ కూడా సేద్యం చేసుకుని బతికేవాళ్లే ఎక్కువ. పిల్లలు చదువుకోవాలని అక్కడి తల్లులకూ ఆశే.

ఆ దేశపు సర్కారు ప్రతి బడికీ పిల్లల లెక్కన కొంత డబ్బు మంజూరు చేసేది. పుస్తకాలకు, సుద్దముక్కలకు, ఇలాంటి ఖర్చులకు. పంతుళ్ల జీతాలు వేరు. కాగితం మీద అంతా బాగానే ఉంది. బడిలో మాత్రం పుస్తకాలు లేవు. తల్లిదండ్రులే డబ్బులు వేసుకుని బడి నడుపుకునేవారు.

మరి సర్కారు డబ్బు ఏమైంది? 1996లో 250 ప్రాథమిక బడుల లెక్కలు చూశారు. పైనుంచి పంపింది ఎంత? బడికి అందింది ఎంత? రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టారు. రేషన్ షాపులో కార్డు మీద రాసింది, సంచిలో పడింది మనం సరిచూసుకోమూ? అలాగే.

ఏం తేలింది? 1991 నుంచి 1995 దాకా నూరు షిల్లింగులు పంపితే బడికి చేరింది సగటున 13. షిల్లింగు అంటే వాళ్ల రూపాయి లాంటిది. చాలా బడులకైతే ఏమీ చేరలేదు. మిగతా డబ్బు జిల్లా ఆఫీసులు దాటి రాలేదు. కలిగినవారి పిల్లలు చదివే బడులకు కాస్త ఎక్కువ అందింది. పేదల బడులు ఎందుకు అడగలేదు? తమకు డబ్బు రావాలన్న సంగతే చాలామందికి తెలీదు!

వంద ఆస్పత్రులు కూడా చూశారు. అక్కడ లెక్కలే సరిగా రాసి లేవు. ఎంత పోయిందో తేల్చలేకపోయారు. నన్నడిగితే ఇది ఇంకా ఘోరం.

తర్వాత సర్కారు ఏ నెల ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది. వచ్చిన డబ్బు వివరం బడి దగ్గర అందరికీ కనపడేలా అంటించమంది. 2001 నాటికి నూటికి 80కి పైగా బడికి చేరింది. పత్రికలు అమ్మే చోటికి దగ్గరున్న బడులకు ఎక్కువ మేలు జరిగింది. ఇదంతా పత్రికల వల్లే కాదు, డబ్బు పంపే పద్ధతులు కూడా మారాయని కొందరంటారు. అదీ నిజమే.

మన దేశంలో 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. మీ ఊరి బడికి, ఆస్పత్రికి ఎంత డబ్బు వచ్చిందో, దేనికి ఖర్చయిందో అర్జీ పెట్టి అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాయడం రానివాళ్లు నోటితో చెబితే, అర్జీ రాయడానికి అధికారి సాయం చేయాలని కూడా చట్టంలో ఉంది. మీకిప్పుడు ఆ సాయంతో పనిలేదు.