టక్కుమన్నది గానీ తిరగలే

పోయిన ఎండకాలం మా ఊర్ల సభ పెట్టుకున్నం. జనం కూసున్నంక కరెంటు పోయింది. కిరాయికి తెచ్చిన డీజిల్ జనరేటర్ తాళం తిప్పితే 'టక్' మన్నది, ఇంజన్ తిరగలే. మెకానిక్ వచ్చిండు. చెయ్యి గూడ పెట్టకుండ 'స్టార్టర్ మోటర్ పోయింది, కొత్తది ఎయ్యాలె' అన్నడు. నేను పదో తరగతి దాటలే గానీ, మీటర్ పట్టుడు నేర్చుకున్న.

తమ్ముడూ, ఆ టక్కు సప్పుడే సగం జవాబు. సన్న వైరుల కరెంటు సోలినాయిడ్ దాకా వచ్చిందన్నట్టు. సప్పుడే లేకుంటె ఫ్యూజు, తాళం స్విచ్చి, ఆ సన్న వైరు చూడాలె. టక్కుమని ఆగితె ముందుగాల బ్యాటరీ పట్టుకోవాలె. ఊకె ఉన్నప్పుడు 12.6 వోల్టులుంటె నిండుగున్నట్టు. తాళం తిప్పంగ 9.6 కిందికి దిగితె చార్జింగన్న లేదు, బ్యాటరన్న పోయింది.

మాది 12 దగ్గర్నే నిలవడ్డది. అంటె కరెంటు ఉన్నది, నడుమ ఎక్కడ్నో ఆగుతున్నది. మీటర్ ఒక పుల్ల బ్యాటరీ మైనస్‌కు, ఇంకోటి ఇంజన్ బాడీకి పెట్టి తాళం తిప్పించిన. అర వోల్టు దాటద్దు. 7 చూపెట్టింది! ఎర్త్ బోల్టు కింద తుప్పు. మైనస్ వైరు ఇప్పి, సాన్‌పేపర్‌తోని రుద్ది, బోల్టు బిగించి, మైనస్ మళ్ల ఎక్కించినం. తిరిగింది.

ఎర్త్ గూడ మంచిగుంటె అప్పుడు సోలినాయిడ్ లోపలి కాంటాక్టులు, ఆఖరికి మోటర్. మెకానిక్ ఆఖరుది మొదలు చెప్పిండు.

ఒక్కటి యాదికుంచుకోండ్రి. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి సోలినాయిడ్ బోల్టులు కలపకుండ్రి. బ్యాటరీల నుంచి వచ్చే హైడ్రోజన్ గ్యాస్‌కు చిన్న నిప్పురవ్వ చాలు. ఆటో ప్యానెల్ ఉంటె ముందే ఆఫ్ చెయ్యాలె, లేకుంటె చెయ్యి లోపలున్నప్పుడే ఇంజన్ తిరుగుతది.