వేగమొక్కటే చాలదు.. వింగర్‌కు జట్టే బలం

నంద్యాల, ఆళ్లగడ్డ: నంద్యాలలోనైనా, ఆళ్లగడ్డలోనైనా పాఠశాల ఫుట్‌బాల్‌ జట్టును కూర్చేటప్పుడు అందరికంటే వేగంగా పరుగెత్తే విద్యార్థిని మైదానం అంచున నిలబెట్టడం పరిపాటి. ఆ స్థానంలో ఆడేవారినే వింగర్‌ అంటారు. సగం ఆట ముగిసినా బంతి అందని ఆ విద్యార్థి, గోలు చేయలేదన్న కారణంతో తదుపరి పోటీలో చోటు కోల్పోతుంటాడు. లోపం అతడిదా, అతడికి బంతి చేర్చని మిగిలిన పదిమందిదా అన్నది పరిశీలించేవారు అరుదు.

కూతకు వెళ్లిన కబడ్డీ ఆటగాడు ఒంటరిగానే పాయింటు తేగలడు. వింగర్‌కు ఆ వీలు తక్కువ. అతడికి ఒక పక్క గీత అడ్డు. ఎదురుగా ఒక్క డిఫెండర్‌ ఉంటే తప్పించుకోవచ్చు, ఇద్దరు చేరితే దారి మూసుకుపోతుంది. ఆ సమయంలో వెనుకనున్న ఫుల్‌బ్యాక్‌ అతడిని దాటి గీత వెంట ముందుకు పరుగెత్తితే ప్రత్యర్థులలో ఒకరు అటు వెళ్లక తప్పదు. మిడ్‌ఫీల్డర్‌ బంతిని ఒక అంచు నుంచి రెండో అంచుకు త్వరగా మళ్లించినా ఇదే మేలు కలుగుతుంది. ఇక గోలు ముందుకు ఎంత చక్కని క్రాస్‌ పంపినా, అక్కడ తలతో కొట్టేవాడు లేకుంటే ఆ శ్రమ వృథాయే.

ఈ సూత్రాన్ని బాగా ఎరిగినవారు హైదరాబాద్‌కు చెందిన కోచ్‌ సయ్యద్‌ అబ్దుల్‌ రహీం. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టు తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. కుడి అంచున పీకే బెనర్జీ, ఎడమ వైపున సికింద్రాబాద్‌ అమ్ముగూడకు చెందిన తులసీదాస్‌ బలరాం, వారికి తోడు చునీ గోస్వామి ఉన్నా ఫలితం అది. తర్వాత థాయ్‌లాండ్‌తో పోటీలో డిఫెండర్‌ జర్నైల్‌ సింగ్‌ తలకు గాయమైంది. రహీం సెమీఫైనల్‌, ఫైనల్‌లలో ఆయనను సెంటర్‌ ఫార్వర్డ్‌గా దింపారు. తలకు కట్టుతో ఉన్న మనిషిని గోలు ముందు నిలపడం సాహసమే. అయితే బలాఢ్యుడైన జర్నైల్‌ను కాచుకోవలసి వచ్చినపుడు ప్రత్యర్థులకు అంచులపై పట్టు సడలడం సహజం. ఫైనల్‌లో అదే కొరియాపై పీకే, జర్నైల్‌ చెరొక గోలు చేయగా భారత్‌ 2-1తో స్వర్ణం గెలుచుకుంది.

విదేశాల్లోనూ ఇదే తీరు. ఈజిప్టు ఆటగాడు మహమ్మద్‌ సలా 2014లో చెల్సీలో చేరి, ప్రీమియర్‌ లీగ్‌లో 13 మ్యాచ్‌లలో 2 గోల్సే చేసి ఆ క్లబ్బును వీడారు. 2017-18లో లివర్‌పూల్‌ తరఫున ఒక్క లీగ్‌లోనే 32 గోల్స్‌ సాధించారు. వయసు, అనుభవం తోడైన మాట నిజమే. కానీ అక్కడ సెంటర్‌ ఫార్వర్డ్‌ ఫిర్మినో వెనక్కి జరిగి డిఫెండర్లను తన వెంట లాగేవారు, ఖాళీ అయిన చోటికి సలా దూసుకెళ్లేవారు. అంచును ఫుల్‌బ్యాక్‌లు చూసుకునేవారు.

పాఠశాల జట్లలో వింగర్‌ను తప్పించే ముందు వ్యాయామ ఉపాధ్యాయులు ఒక కాగితంపై మూడు లెక్కలు రాసుకోవచ్చు. అతడికి బంతి ఎన్నిసార్లు అందింది, అందినపుడు ఎదుట ఎందరున్నారు, క్రాస్‌ పంపినపుడు గోలు ముందు మనవారు ఎందరున్నారు అన్నవే అవి. మొదటి అంకె మరీ చిన్నదైతే మార్చవలసింది మిడ్‌ఫీల్డర్‌నేమో చూడాలి.