మోటారు పడవలో పెట్రోలు ట్యాంకును వాడు విధము

గోదావరి లంకలలోని రైతులు అరటిగెలలను, కొబ్బరికాయలను, కూరగాయలను రేవు దాటించుటకు పడవ వెనుక తగిలించు మోటారులను వాడుట కలదు. వీనిలో పెక్కింటికి పెట్రోలు వేరొక ట్యాంకునుండి రబ్బరు గొట్టము ద్వారా వచ్చును. ఆ ట్యాంకు చేతితో ఎత్తుకొని పోదగినది. ఈ సౌకర్యమును సరిగా వినియోగించుకొనినచో ప్రమాదములు చాలవరకు తప్పును.

మండునది పెట్రోలు కాదు, దాని ఆవిరి. కిరసనాయిలు కొంత వేడి తగిలినగాని అంటుకొనునంత ఆవిరిని విడువదు. పెట్రోలు చలికాలపు రాత్రియందును విడుచుచునే యుండును. ఆ ఆవిరి గాలికంటె 3, 4 రెట్లు బరువు. గట్టుమీద నైనచో గాలికి చెదరిపోవును. పడవలో నైనచో బల్లల క్రింద కంటికి కనబడక నిలిచియుండును. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు చేరినను, బీడీనిప్పుగాని బ్యాటరీ తీగ రవ్వగాని తగిలిన తక్షణమే భగ్గుమనును.

కావున ట్యాంకును పడవలో నుంచి నింపరాదు. మోటారు ఆపి, గొట్టము ఊడదీసి, గట్టుకు దించి నింపవలయును. బంకువద్దను బండిమీద నుండగా పోయించుకొనరాదు. పెట్రోలు ధారవలన ప్లాస్టిక్ ట్యాంకులో విద్యుత్తు పుట్టి రవ్వ లేవవచ్చును. ట్యాంకును నేలపై నుంచి, పైపు మూతిని దాని నోటికి ఆనించి పట్టినచో ఆ భయము తగ్గును.

ఎండకు పెట్రోలు వ్యాకోచించును గనుక పదవ వంతు ఖాళీ విడువవలయును. 25 లీటర్ల ట్యాంకున 22 లీటర్లు చాలును. మూతమీద గాలి స్క్రూ ఉన్నచో, మోటారు నడచునపుడు తెరచి యుంచవలయును. లేనియెడల పెట్రోలు అందక మోటారు ఆగిపోవును. పని ముగిసిన పిదప స్క్రూ మూసి, గొట్టము ఊడదీసి, ట్యాంకును నీడను ఉంచవలయును.

ప్రతిదినము గొట్టమును, నొక్కు బుడ్డిని, బిగింపులను తడిమి చూడుడు. పగులుగాని చెమ్మగాని కనబడినచో వెంటనే మార్పింపుడు. ఇప్పటి పెట్రోలులో కలియు ఇథనాలు పాత గొట్టములను చెరచును, తేమనుకూడ పీల్చుకొనును. కావున పెట్రోలును నెలలకొలది నిలువ యుంచరాదు.

పెట్రోలు ఒలికినచో గుడ్డతో అద్ది, ఆ గుడ్డను గట్టుమీద పారవేసి, వాసన పూర్తిగా పోవువరకు మోటారు త్రాడు లాగరాదు. మంట లేచినచో నీరు చల్లరాదు. పెట్రోలు నీటిపై తేలి మంటను వ్యాపింపజేయును. పొడిమందుతో ఆర్పు పరికరమో, బకెట్టెడు ఇసుకయో చేతికందునట్లు ఉండవలయును.

ట్యాంకును గట్టుకు దించుటకు పట్టునది ఐదు నిమిషములు. పడవలో సరకుతోబాటు స్త్రీలును, బడిపిల్లలును ఎక్కుదురు. నది నడుమ మంట లేచినచో వారికి దిగుటకు చోటుండదు. ప్రతి రేవునందును ట్యాంకులు నింపుటకొక చోటును, ఒక ఇసుక బకెట్టును సభ్యులందరు కలిసి ఏర్పరచుకొనుట మేలు.