గొఱ్ఱెలు ఈనెడి వేళ

సంక్రాంతి మూడు దినములును గడచి, జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు వచ్చిన చుట్టములు ఎవరి యూళ్లకు వారు తరలిపోయిన పిమ్మట, మా యిల్లు ఒక్కసారిగా చిన్నబోయినట్లుండెను. ఆ దినములలోనే మావారు బడిలో పెంపుడు జంతువుల పాఠము చెప్పుచు, "గొఱ్ఱెపిల్ల పుట్టిన యెంతసేపటికి లేచి నిలుచును?" అని యడుగగా ఒక్క విద్యార్థియు చెప్పలేకపోయెనట. తమకును తెలియదని ఆయనయే యింటికి వచ్చి మాతో నొప్పుకొనిరి. కొబ్బరిచెట్టును, వరిచేనును, చేపలచెఱువును చక్కగా నెఱిగిన మన కోనసీమ బిడ్డలకు గొఱ్ఱె యనగా బస్సున కడ్డము వచ్చు మందయే కాని వేఱు కాదు.

ఇంగ్లాండు దేశమున వసంతకాలములో గొఱ్ఱెలు ఈను దినములందు కొన్ని వ్యవసాయక్షేత్రములవారు రుసుము పుచ్చుకొని కుటుంబములను లోనికి రానిత్తురు. బాలబాలికలు సీసాలతో గొఱ్ఱెపిల్లలకు పాలుపట్టి, గడ్డిలో గూర్చుండి ఫలహారములు చేసి, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. మాకు అట్టి క్షేత్రము దాపున లేదు. అయితే కొత్తపేటకు ఆవల గౌతమిలోని యొక లంకలో మెట్టసీమనుండి వచ్చిన మంద విడిసియున్నదనియు, గొఱ్ఱెలు ఈనుచున్నవనియు మా పాలమనిషి చెప్పెను. మాఘమాసములో ఒక ఆదివారమున పోవుటకు నిశ్చయించితిమి.

మేమిద్దరమును, పదునొకండేండ్ల అమ్మాయియు, ఆఱేండ్ల అబ్బాయియు, మా ఆడబిడ్డయు బయలుదేఱితిమి. ఆడబిడ్డ తొలిచూలు పురిటికి పుట్టింటికి వచ్చియున్నది, ఏడవ నెల. చూలాలు నది దాటరాదని మా అత్తగారు గట్టిగా చెప్పిరి. "ఈ కాలమున ఇవియెల్ల ఏల అత్తయ్యా? నీరు తక్కువగా నున్నది, పడవ పెద్దది" యని మేమే వాదించి, ఆమె నూరకుండునట్లు చేసి, ఆడబిడ్డను వెంటగొని పోయితిమి. ఆ గెలుపును గూర్చి మాకు దారి పొడవునను కొంచెము గర్వముగనే యుండెనని యిప్పుడు చెప్పుకొనవలయును.

రేవు దాటి ఇసుకతిన్నె యెక్కగానే మంద కనబడెను. ఇన్నూఱుదాక నుండును. అన్నియు నెల్లూరు జాతివి: పొడవైన కాళ్లు, తెల్లని మేను, కన్నులచుట్టు కాటుక పెట్టినట్లు నల్లని మచ్చలు, మెడక్రింద వ్రేలాడు రెండు చన్నులవంటి తిత్తులు. కన్నులచుట్టు నల్లమచ్చలు గలవానిని జోడిపి యందురు. వీనికి ఉన్ని యుండదు. మేకకువలె పొట్టి వెండ్రుకలు మాత్రమే. కంబళ్లకు కావలసిన ఉన్ని తెలంగాణపు నల్లగొఱ్ఱెలది. మఱి ఈ మంద ఇంతదూరము వచ్చుట యెందులకన్న, చేను కోసిన పిదప మేతకు, రైతునకు ఎరువునకు. రాత్రులందు చేనిలో తడికలు కట్టి మందను పరుండబెట్టినందులకు రైతు కాపరులకు సొమ్మో ధాన్యమో యిచ్చును. మఱునాడు తడికలు ప్రక్క మడికి జరుపుదురు. ఈ విధముగా చేనంతయు తిరుగును.

కాపరుల యిల్లాలు, ఏబదియేండ్ల మనిషి, చీర బిగించి కట్టుకొని, మోచేతులవఱకు తడితో మా కెదురు వచ్చినది. పిల్లలను జూచి నవ్వెను. మా ఆడబిడ్డను జూడగానే నవ్వు మాని చెయ్యెత్తెను.

"ఆయమ్మ నీళ్లోసుకున్నట్టుందండి. అక్కడే ఆపండమ్మా, అక్కడే! ఈనే మందలోకి కడుపుతో ఉన్నోళ్లు రాకూడదండి."

మాకు మనసు చివుక్కుమన్నది. మందకు దృష్టి తగులునని కాబోలు, లేదా యేదో మైల యని కాబోలు అనుకొంటిమి. ఆడబిడ్డ మొగము వాడినది. అయినను పెద్దమనిషి మాట త్రోసివేయలేక, గాలి వచ్చువైపున దూరముగా నున్న మామిడిచెట్టు నీడలో చాప పఱచి ఆమెను గూర్చుండబెట్టి, మావారిని తోడుంచితిమి. పిల్లలను దీసికొని మేము తడికల దగ్గఱకు పోయితిమి.

అచ్చట చూచిన దానిని ఈనాటికిని మఱువలేకున్నాము. ముందునాటి రాత్రి ఒక గొఱ్ఱె ఈని చనిపోయినది. దాని పిల్ల గోనెమీద వణకుచు పడియున్నది. ఆ యుదయముననే మఱియొక గొఱ్ఱెకు చచ్చినపిల్ల పుట్టెను. ఆ తల్లి చచ్చినదానిని నాకుచు, గొంతులో సన్నగా గురగురలాడుచు, లెమ్మని ముంగాలితో తట్టుచున్నది. గొఱ్ఱె తన పిల్లను వాసనచే గుర్తించును. ఈనిన తరువాత కొలది గంటలలోనే ఆ గుర్తు మనసున నాటుకొనును. అటుపైన పరాయిపిల్ల చేరవచ్చిన తలతో పొడిచి త్రోయును. కనుక ఆ కొలది సేపటిలో జరుగవలసిన పనియేదో జరుగవలయును.

కాపరియిల్లాలు చచ్చినపిల్లను మెల్లగా తీసి, దాని మేనిపై తడిని తన చేతులతో గోనెమీది పిల్లకు తలనుండి తోకవఱకు రుద్దెను. పిమ్మట దాని కాళ్లు మూడింటిని మెత్తని గుడ్డపేలికతో సడలుగా కట్టెను. ఇదేమి క్రూరమని మా అమ్మాయి మా చెయ్యి పట్టుకొన్నది. ముందునాడు పుట్టినపిల్ల లేచి చెంగున దూకిన యెడల ఆ తల్లి నమ్మదట. అప్పుడే పుట్టినదానివలె తడబడి పడుచు లేచుచు నుండవలెనట. తరువాత దానిని తల్లిమూతి క్రింద నుంచి, తాను తడిక ప్రక్క ఒదిగి కూర్చున్నది.

గొఱ్ఱె వాసన చూచెను. వెనుకకు తగ్గెను. ఒకసారి తల విసరెను. మా అబ్బాయి "అమ్మా, వద్దంటున్నదే!" యని యేడ్వ మొదలిడెను. ఎంతసేపు గడచెనో చెప్పలేము. మంద అరపు లెల్ల మా చెవులకు వినబడుట మానెను. గొఱ్ఱె మరల వచ్చి, పిల్ల మూపు వాసన చూచి, ఒక్కసారి నాకెను. మఱియొకసారి నాకెను. ఆ గొంతులోని గురగుర మరల మొదలైనది. కాపరియిల్లాలు పాకుచుపోయి కట్లు విప్పి, పిల్లనోటిని పొదుగున కందించెను. పిల్ల తోక వడివడిగా ఆడుచుండుట జూచి, "అంటుకుందండి" యని మావైపు తిరిగెను. అప్పుడు గాని ఆమె నుదుటి చెమట తుడుచుకొనలేదు.

మన భాషలో తెలివితక్కువవానిని గొఱ్ఱె యందుము. కావ్యములలో గోవునకు గల పీట గొఱ్ఱెకు లేనే లేదు. ఆ పూట తరువాత ఆ మాట మా నోటికి రాలేదు.

మంద నడుమ మఱియొక గొఱ్ఱె మా కన్నులయెదుటనే ఈనినది. అయిదు నెలలు మోసిన పిల్ల, మూడు కిలోలకు మించి తూగదు. బొడ్డునకు కాపరియిల్లాలు టింక్చరు అయొడిన్ ముంచెను. అమ్మాయి తండ్రి ఫోనులోని గడియారము పట్టుకొని లెక్కించెను: ఇరువదిరెండు నిమిషములకు పిల్ల నాలుగు కాళ్లపై నిలిచెను. మావారి పాఠమునకు జవాబు దొరకినది. నిలిచిన పిల్లను వెంటనే ముఱ్ఱుపాలకు చేర్చిరి. గొఱ్ఱెపిల్లకు గర్భములో నున్నప్పుడు రోగములనుండి కాపాడు శక్తి తల్లిరక్తమునుండి అందదు. అంతయు ముఱ్ఱుపాలలోనే యుండును. ఒక దినము దాటిన పిమ్మట త్రాగినను ఆ శక్తి దాని రక్తములో చేరదు. మన బిడ్డలకు గర్భమున కొంత యందును. అయినను పుట్టిన గంటలోపల తల్లిపాలు పట్టుమని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. ముఱ్ఱుపాలు అరగవని పిండి పాఱబోయించు పెద్దలు మన యిండ్లలో నింకను గలరు. ఆ మాట చెప్పగా కాపరియిల్లాలు నోరు తెఱచి, "పారబొయ్యడమేందండీ?" యన్నది.

పని సద్దుమణగిన పిమ్మట, ఆడబిడ్డ నేల ఆపితివని మెల్లగా అడిగితిమి. ఆమె కొంతసేపు మాటాడలేదు.

"రెండేళ్లయిందండి. ఆ ఏడు గొఱ్ఱెలు చాలా ఈసుకుపోయినయ్యి. మా కోడలే అన్నీ చేసింది, మాయలు తీసింది, ఎత్తి పారేసింది. దానికి ఐదో నెల. మంచం ఎక్కింది, జొరం వచ్చింది, కడుపు పోయింది. ఈనే మందలో కడుపుతో ఉన్నోళ్లు తిరక్కూడదని మా అత్త చెప్పేదండి. నేనే ఇనలేదు."

మేము మామిడిచెట్టువైపు చూచితిమి. ఆడబిడ్డ చెయ్యి యూపి పిలుచుచుండెను.

ఇక మా తప్పు. మా అమ్మాయి పిల్లను ఒడిలో నుంచుకొన్నది. అబ్బాయి వ్రేళ్లు దాని నోట పెట్టి చప్పరింపజేసెను. సబ్బు తీసికొని పోలేదు. ఏటి ఇసుకతో చేతులు తోమి, పులిహోర పొట్లములు విప్పితిమి. మఱునాడు మావారి బాల్యమిత్రులైన పశువైద్యులకు ఫోనులో వేడుకగా ఇదంతయు చెప్పగా, ఆయన వేడుక పడలేదు. "మీ చెల్లెలు దేనినైనను ముట్టుకొన్నదా?" యని ముందుగా అడిగిరి. లేదని చెప్పిన పిమ్మట ఊపిరి విడిచి, ఒక పాఠమే చెప్పిరి.

టాక్సోప్లాస్మా, క్లమీడియా, క్యూ జ్వరము కలిగించు క్రిమి, బ్రూసెల్లా యనునవి గొఱ్ఱెలను మేకలను ఈసుకొనిపోవునట్లు చేయు సూక్ష్మజీవులు. ఇవి ఉమ్మనీటిలోను, మాయలోను, చచ్చినపిల్ల మేనిలోను ఉండును. చూడ ఆరోగ్యముగా నున్న పిల్లమీది తడిలోను ఉండవచ్చును. కొన్ని ఎండిన పిమ్మట ధూళితోపాటు గాలిలో లేచి మనలోనికి పోవును. గర్భవతికి సోకినచో తల్లికిని బిడ్డకును ముప్పు. కనుకనే ఇంగ్లాండులో ప్రతి సంవత్సరమును గొఱ్ఱెలు ఈను కాలమున, గర్భిణులు వాని దరికి పోవలదనియు, మందలో పనిచేసివచ్చిన మగవారి మాసిన బట్టలను సైతము ముట్టుకొనవలదనియు ప్రభుత్వ వైద్యశాఖ ప్రకటించును. కాపరియిల్లాలి అత్త ఏ శాస్త్రమును చదువకయే చెప్పిన దిదియే. తెలియక దగ్గఱకు పోయినవారు, తరువాత జ్వరము వచ్చినచో, గొఱ్ఱెలయొద్దకు పోయితిమని వైద్యురాలితో తప్పక చెప్పవలెను. అడుగనిదే ఆమెకు తోచకపోవచ్చును. మేమును అమలాపురమున వైద్యురాలితో చెప్పితిమి. దూరముగా కూర్చుండుట వలన భయము లేదని ఆమె ధైర్యము చెప్పిరి.

పిల్లల సంగతియు ఆయన విడిచిపెట్టలేదు. ఇసుకయు ఏటినీరును చాలవట. సబ్బుతో గోళ్లసందులు సహితము కడుగవలెను, చేతులు కడుగక తినరాదు, తినుచోటు మందకు దూరముగా నుండవలెను, మందలో పితికిన పాలు కాచక త్రాగరాదు. 2009 సంవత్సరమున ఇంగ్లాండులోనే, పైన మేము చెప్పినట్టి యొక క్షేత్రమునకు పోయివచ్చినవారిలో 93 మందికి ఇ. కోలై యను క్రిమి సోకెను. వారిలో పసిపిల్లలే హెచ్చు, కొందఱికి మూత్రపిండములు దెబ్బతినెను. జంతువులను ముట్టుకొన్న చేతులే కారణము. మా పిల్లలకు ఏమియు కాలేదు. కాకపోవుట మా తెలివివలన కాదు.

చైత్రమాసములో ఆడబిడ్డకు మగశిశువు కలిగెను. ముఱ్ఱుపాలు పట్టుటకు మా అత్తగారు కొంత సణిగిరి గాని, లంకలోని కథ విని ఊరకుండిరి. నది దాటిన సంగతిని మాత్రము ఇప్పటికిని ఎత్తిపొడుచుచునే యున్నారు.

బారసాలనాడు కాపరియిల్లాలికని ఒక నేతచీర కొని, మా పాలమనిషిచేత లంకకు పంపితిమి. అతడు సాయంకాలమునకు తిరిగివచ్చి, మంద నెల క్రిందటనే రేవు దాటిపోయినదనియు, ఎటు పోయినదో ఎవరికిని తెలియదనియు, తడికలు కట్టినంత మేర మాత్రము దోసపాదులు నల్లగా కమ్ముకొనియున్నవనియు చెప్పి, చీరను మరల మా చేతికిచ్చెను.